హేతువమ్మ రాసిన రెండు నివేదికలు

టెలిఫోను ఎక్స్ఛేంజి భవనంలో మెట్లెక్కగానే ఎడమచేతివైపు ఒక పొడుగాటి గది ఉండేది. దానిని టెస్ట్‌డెస్కు అనేవారు. పట్టణంలో ఎవరి ఫోను మూగబోయినా ఆ కబురు ముందుగా చేరేది అక్కడికే. గోడ పొడవునా నల్లటి చెక్కబల్ల, దానిమీద బారులు తీరిన మీటలు, మధ్యలో అద్దం కింద వణికే ముల్లుతో ఒక మీటరు, పక్కనే అట్ట చిరిగిన ఫిర్యాదుల రిజిస్టరు. పంకా గాలికి కాగితాలు లేవకుండా, పాత స్తంభంనుంచి ఊడదీసిన తెల్ల పింగాణీ గుబ్బ ఒకటి వాటిమీద బరువుగా ఉండేది. ఆ బల్ల ముందు ఇరవై ఎనిమిది సంవత్సరాలు కూర్చున్న మనిషిని ఆ కార్యాలయంలో అసలు పేరుతో పిలిచినవారు అరుదు. అందరికీ ఆమె హేతువమ్మ.

ఆ పేరు ఊరికే రాలేదు. ఈదురుగాలి వీచిన మర్నాడు లైన్‌మన్ ఎవరైనా వచ్చి, "ఫలానా వీధిలో తీగ తెగిందమ్మా" అంటే ఆమె కలం ఎత్తేది కాదు.

"తెగిందనడానికి హేతువు?"

"రాత్రంతా గాలి వేసింది కదమ్మా!"

"గాలికి మీ టోపీ కూడా ఎగిరే ఉంటుంది. తీగ తెగడం మీరు చూశారా, ఊహించారా, ఎవరైనా చెప్పారా?"

లైన్‌మన్ తల గోక్కుని మళ్లీ సైకిలెక్కేవాడు. "ఆకలేస్తోందన్నా హేతువేమిటని అడుగుతుందిరా ఈవిడ! వాళ్లింట్లో ఎలా బతుకుతున్నారో!" అని మెట్లమీద గొణిగే మాటలు గదిలోకి వినిపించేవి. ఆమె విన్నా పట్టించుకునేది కాదు. ఎందుకంటే పదింట ఆరుసార్లు తీగ తెగి ఉండేది కాదు. ఎవరో రిసీవరును సరిగా పెట్టకుండా పెత్తనాలకు పోయి ఉండేవారు.

ఆ విద్య ఆమెకు తండ్రినుంచి వచ్చింది. ఆయన అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవారు. చిన్నతనంలో ఒక పండితుని వద్ద నాలుగేళ్లు తర్కం చదువుకుని, ఆ చదువు గట్టెక్కకుండానే సీసపు అక్షరాల మధ్యకు వచ్చి పడ్డారు. ఆ వెలితి తీర్చుకోవడానికో ఏమో, కూతురికి ఎక్కాలతోపాటు ప్రమాణాలు నేర్పారు. ఏదైనా తెలుసుకోవడానికి దారులు నాలుగు. కళ్లారా చూడడం ప్రత్యక్షం. కనబడినదానినిబట్టి కనబడనిదానిని పట్టుకోవడం అనుమానం. తెలిసినదానితో పోల్చి తెలియనిదానిని గుర్తుపట్టడం ఉపమానం. నమ్మదగిన మనిషి చెప్పగా తెలియడం శబ్దం. ఇక ఒక సంగతిని ఎదుటివారికి రుజువు చేయాలంటే వాదానికి ఐదు అవయవాలుండాలి: చెప్పదలచినది ముందు చెప్పడం, దానికి హేతువు చూపడం, లోకంలో ఒక ఉదాహరణ ఇవ్వడం, అది ఇక్కడ ఎలా అమరుతుందో చెప్పడం, అప్పుడు ముగించడం. "ఒక్క అవయవం తక్కువైనా వాదం కుంటిదే తల్లీ" అనేవారు, చెవిమీది పెన్సిలు తీసి ఆమె పలకమీద గీత గీస్తూ.

ఆ పాఠాలు ఆమె పెళ్లయినా ఇంటినుంచి పోలేదు. తండ్రి పదవీ విరమణ చేసి కూతురి ఇంటికే చేరడంతో మరీ గట్టిపడ్డాయి. ఆమె భర్త బస్సు డిపోలో టైంకీపరు, నెమ్మదస్తుడు. "కూరలో ఉప్పు తక్కువైందని అనుకుంటున్నాను" అని ఆయన అంటే, "అనుకోవడమేమిటండీ, నోట్లో పెట్టుకున్నాక కూడా అనుమానమేనా? ప్రత్యక్షమని ధైర్యంగా చెప్పండి" అని ఆమె ఉప్పుడబ్బా ముందుకు జరిపేది. పదో తరగతి కూతురు, "మా క్లాసులో అందరూ సినిమాకి వెళ్తున్నారమ్మా, నేనూ వెళ్లాలి" అంటే, ఆమె కంటే ముందు తాతగారే కుర్చీలోంచి, "అందరూ వెళ్లడం నువ్వు వెళ్లడానికి హేతువెలా అవుతుందే? అందరికీ లెక్కల్లో పాస్ మార్కులొచ్చాయి, నీకొచ్చాయా?" అనేవారు. పిల్ల కాళ్లు నేలకేసి కొట్టి, "ఈ ఇంట్లో పుట్టడమే నా తప్పు" అనేది. "దానికి మాత్రం హేతువు ఉంది" అని తండ్రి టైంకీపరు మెల్లిగా అనేవాడు. సాయంత్రపు ఎండ కిటికీ చువ్వలమధ్యనుంచి భోజనాల బల్లమీద పడుతూండగా సాగిన ఆ వాదాలను, ఇప్పుడు తానే ఇద్దరు పిల్లల తల్లి అయిన ఆ కూతురు తలుచుకుని నవ్వుతూనే ఉంటుంది.

హేతువమ్మ వాదాల్లో గెలిచినవి చాలా ఉన్నాయి. జీవితంలో మాత్రం ఆమెకు బాగా గుర్తుండిపోయినది ఓడిపోయిన వాదం ఒకటే.

వీధుల్లో అక్కడక్కడ ఇనుప బీరువాలాంటి పెట్టెలుండేవి. వాటిని పిల్లర్లు అనేవారు. భూమిలోంచి వచ్చిన లావుపాటి కేబులు అందులో విడివడి, అక్కడినుంచి సన్నటి తీగలుగా ఇళ్లకు పోయేది. పదిహేడో నంబరు పిల్లరు ఒక దర్జీకొట్టు ఎదురుగా ఉంది. దానికింద ఉన్న అరవై ఫోన్లలో ప్రతి బుధవారం మధ్యాహ్నం పదో పన్నెండో గరగరమని చచ్చిపోసాగాయి. గురువారం మధ్యాహ్నానికల్లా వాటంతటవే బతికేవి. ఇలా వరుసగా పదకొండు వారాలు. అక్కడి లైన్‌మన్‌కు బుధవారం సెలవు. ఆ రోజు బదులుగా వచ్చేవాడు నిచ్చెన బాబాయి.

నిచ్చెన బాబాయి ఆరడుగుల మనిషి. భుజంమీద నిచ్చెన, నడుముకు టెస్ట్‌ఫోను, నోటినిండా వేళాకోళం. పదవీ విరమణకు ఇంకా మూడేళ్లుంది. స్తంభం ఎక్కి, అక్కడినుంచి టెస్ట్‌డెస్కుకు ఫోను చేసి, "తల్లీ, ఇక్కడినుంచి చూస్తుంటే మీ ఇంజనీరుగారి బట్టతల కనబడుతోంది, పాలిష్ పెట్టించమను" అనే రకం. అందరికీ ఇష్టుడే గాని, ఆయన మాట మీద పూచీ పడేవారు లేరు. మొదటి బుధవారం ఆయన పదిహేడో పిల్లరునుంచి ఫోను చేసినప్పుడు హేతువమ్మ చేతిలో మరో ఏడు ఫిర్యాదులున్నాయి.

"తల్లీ, ఈ పెట్టెకి ఇవాళ చెమటలు పడుతున్నాయి."

"అయితే విసనకర్ర పట్టండి బాబాయ్. నంబర్లు చెప్పండి ముందు."

ఆయన నవ్వి నంబర్లు చెప్పాడు. ఆమె నంబర్లు రాసుకుంది. అంతే.

పదకొండో వారం తరవాత ఇంజనీరుగారు ఆమెను పిలిచి, ఫిర్యాదుల పుస్తకం తిరగేసి నివేదిక ఇమ్మన్నారు. ఆమె నాలుగు రోజులు రిజిస్టర్లు దగ్గర పెట్టుకుని కూర్చుంది. దర్జీకి ఫోను చేసి అడిగింది. "బుధవారం వచ్చే పొడుగాయన పెట్టె తలుపు బార్లా తీసి, గంటసేపు అలాగే వదిలేసి, నా కొట్లో కూర్చుని కబుర్లు చెప్తాడమ్మా" అన్నాడు దర్జీ. ఆమెకు హేతువు దొరికింది. నివేదిక ఐదు అవయవాలతో చక్కగా కుదిరింది: పదిహేడో పిల్లరు లోపాలకు బుధవారపు లైన్‌మన్ అజాగ్రత్తే కారణం, ఎందుకంటే ఆయన వచ్చిన రోజునే లోపం ఉంది, రాని రోజున లేదు, తలుపు తెరిచి వదిలిన సాక్ష్యమూ ఉంది, గతంలో తొమ్మిదో పిల్లరులో ఒకరు తలుపు మూయక దుమ్మూ తేమా చేరి ఫోన్లు చెడడం ఉదాహరణ, ఇక్కడా తలుపు అలాగే తెరిచి ఉంటోంది, కాబట్టి కారణం అదే. ఇంజనీరుగారు చదివి బల్లమీద చరిచారు.

"ఇదీ నివేదికంటే! నిప్పు లేనిదే పొగ రాదు కదమ్మా. దీన్ని నమూనాగా అన్ని ఎక్స్ఛేంజీలకూ పంపిస్తాను. శిక్షణ కేంద్రంలో ఒక బోధకురాలి పోస్టు ఖాళీ అవుతోంది. మీ పేరే రాస్తున్నాను."

ఆ మాటకు ఆమె మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగింది. నలుగురికి ప్రమాణాలు చెప్పే ఉద్యోగం! తండ్రికి గట్టెక్కని చదువు తనవల్ల గట్టెక్కబోతోందనుకుంది.

నిచ్చెన బాబాయికి వివరణ కోరుతూ మెమో వెళ్లింది. ఆయన ఒక్క వాక్యం రాసి ఇచ్చాడు: "పెట్టెకి చెమట పట్టుచున్నది గనుక తలుపు తీసి ఆరబెట్టితిని." ఇంజనీరుగారికి ఒళ్లు మండింది. మూడో రోజున ఉత్తర్వు వచ్చింది: "సదరు లైన్‌మన్ సమర్పించిన వివరణ మిక్కిలి హేళనగా ఉన్నందున, వచ్చే నెల ఒకటవ తేదీ నుండి అతనిని గోదామునకు మార్చడమైనది. ఈ విషయము అతని సర్వీసు పుస్తకమునందు నమోదు చేయవలెను."

గోదామంటే పట్టణం చివర రేకుల షెడ్డు. అక్కడ తీగచుట్టలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. ముప్పై ఏళ్లు స్తంభాలమీద గడిపిన మనిషికి అది పంజరం. సర్వీసు పుస్తకంలో మచ్చ పడితే అది పోయేదీ కాదు. ఆయన మెట్లమీద ఎదురైతే హేతువమ్మ కళ్లు దించుకోలేదు. రుజువు తన పక్షాన ఉందని ఆమె నమ్మకం.

"నేలమీద నడిస్తే నాకు కళ్లు తిరుగుతాయి తల్లీ" అన్నాడాయన, నవ్వుతూనే. ఆ రోజు నవ్వు పెదవులు దాటలేదు. "పోన్లే. నువ్వు రాశావంటే ఏదో హేతువు ఉండే ఉంటుంది."

ఆ ఆదివారం మధ్యాహ్నం, అన్ని ఎక్స్ఛేంజీలకూ వెళ్లిన తన నివేదిక అచ్చుప్రతిని ఆమె తండ్రి చేతిలో పెట్టింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని, పెన్సిలు తీసి, ఒక్కో వాక్యం కిందా వేలు జరుపుతూ చదివారు. రెండో పేరాలో ఒక అచ్చుతప్పు దిద్దారు.

"అవయవాలు ఐదూ ఉన్నాయమ్మా. ప్రాణం ఉందో లేదో చూశావా?"

"అదేం మాట నాన్నా?"

"నిప్పు లేనిదే పొగ రాదన్నారట మీ ఇంజనీరుగారు. నిజమే. మరి నిప్పు ఉన్నచోటల్లా పొగ వస్తుందా?"

"రాదు. ఎర్రగా కాలిన ఇనుపకడ్డీలో నిప్పుంటుంది, పొగ ఉండదు. కట్టె తడిగా ఉంటేనే పొగ." చిన్నప్పటి పాఠం గడగడా వచ్చేసింది.

"అంటే పొగకి నిప్పొక్కటే చాలదు, తడి కూడా కావాలి. ఆ తడి పేరేమిటి?"

"ఉపాధి."

"చాటునుండి పనిచేసే షరతు. దాన్ని వెతక్కుండా హేతువు చెప్పావో, నీ హేతువు హేతువులా కనిపించే దొంగ. సరే, నీ లైన్‌మన్ నిప్పే అనుకుందాం. తడి ఎక్కడుందో వెతికావా?"

"ఆయన వచ్చిన రోజునే వస్తోంది, రాని రోజున రావట్లేదు. ఇంకా ఏం వెతకాలి నాన్నా?"

"బుధవారం ఆ వీధిలోకి ఆయనొక్కడే వస్తాడా? ఇంకేమీ జరగదా?"

ఆమె వంగి అచ్చుప్రతిలో ఆ పేరా మళ్లీ వెతికింది.

"ఆయనేమన్నాడు?"

"పెట్టెకి చెమట పడుతోందన్నాడు."

"నువ్వేమన్నావు?"

"విసనకర్ర పట్టమన్నాను."

వేరే రోజైతే ఆయన నవ్వేవారు. ఆ రోజు పెన్సిలు బల్లమీద పెట్టేశారు. "దర్జీ ఫోనులో చెప్పింది సాక్ష్యం. పెట్టె దగ్గర నిలబడ్డవాడు చెప్పింది వేళాకోళం. నాలుగు దారుల్లో ఒకదాన్ని నువ్వే మూసేసి, దారి లేదని రాశావు" అన్నారు.  

ఒకటో తేదీకి ముందు మిగిలింది ఒక్క బుధవారం. ఆ రోజు ఆమె సగంపూట సెలవు పెట్టి, గొడుగు వేసుకుని పదిహేడో పిల్లరు దగ్గరకు వెళ్లింది. ఇరవై ఏళ్లుగా ఆ పిల్లరు ఫోన్లన్నిటి నంబర్లూ నోటికొచ్చిన ఆమె దానిని కళ్లతో చూడడం అదే మొదటిసారి. దర్జీ స్టూలు వేశాడు. పిల్లరు ఇంకా మూసే ఉంది. లైన్‌మన్ రాలేదు. రెండు గంటల వేళ పక్క కాలువమీది రాతిపలకల సందుల్లోంచి సన్నగా ఆవిరి లేచింది. ఆమె లేచి వెళ్లి పెట్టెమీద చెయ్యి పెట్టింది. గోరువెచ్చగా ఉంది. తలుపు సందులో వేలు దూర్చితే తడి తగిలింది.

"పరీక్షకి వచ్చావా తల్లీ?"

వెనక నిచ్చెన బాబాయి. సైకిలు స్టాండు వేసి, తాళం తీసి, తలుపు తెరిచాడు. తలుపు లోపలివైపంతా నీటి ముత్యాలు. తీగలు బిగించిన పలకలమీదనుంచి చుక్కలు కారుతున్నాయి. ఆయన భుజంమీది తువ్వాలుతో తుడవడం మొదలుపెట్టాడు.

"ప్రతి వారం ఇంతేనా బాబాయ్?"

"ఇంతే. తుడిచి, గంటసేపు తలుపు తీసి ఆరబెడతా. తడారకముందే మూస్తే ఇంకా పాడవుతాయి. మర్నాడు ఎండకి పెట్టె కాలితే మిగిలిన తేమ కూడా పోతుంది. మావాడు సెలవునుంచి వచ్చేసరికి అంతా కళకళ. వాడూ నన్ను నమ్మడు."

"మళ్లీ ఎందుకు చెప్పలేదు? నాకు గట్టిగా చెప్పొచ్చు కదా!"

"చెప్పా కదమ్మా, విసనకర్ర పట్టమన్నావ్" అన్నాడాయన తువ్వాలు పిండుతూ. "నా నోరే అంత. రోజూ పులొచ్చిందని నవ్వించేవాణ్ని, నిజంగా పులొస్తే ఎవరొస్తారు?"

ఆమె కాలువ వెంట నడిచింది. రెండు మలుపుల అవతల ఒక పెద్ద లాండ్రీ ఉంది. వాకిట్లో దుప్పట్లు మడతపెడుతున్న ఆవిడను బుధవారం ఏం చేస్తారని అడిగింది. "మూడు నెలలనుంచి ఒక పెద్ద లాడ్జి దుప్పట్లు మాకే వస్తున్నాయి. బుధవారం పొద్దున్న బాయిలర్లో ఉడకబెట్టి, మధ్యాహ్నం ఆ నీళ్లు వదిలేస్తాం. ఏమ్మా, మీ ఇంట్లోకి వస్తున్నాయా?" అందావిడ కంగారుగా. కాలువ గోడ ఎక్కడో పగిలి ఉంది. మరిగే నీటి ఆవిరి కేబులు పోయే గొట్టంలోకి దూరి, ఎగబాకి, పిల్లరులో చేరి చల్లబడుతోంది. ఎవరి తప్పూ కాదు. తలుపు తెరవడంవల్ల తడి రాలేదు. తడి రావడంవల్ల తలుపు తెరవవలసి వచ్చింది. ఆమె ఫలితాన్ని పట్టుకుని కారణమని సంతకం చేసింది.

మర్నాడు ఇంజనీరుగారు అంతా విని, కుర్చీలో వెనక్కి వాలి, చాలాసేపు బట్టతల నిమురుకున్నారు. మంచిమనిషే. ఎవరికీ కీడు తలపెట్టేవారు కాదు.

"సరే. గొట్టం మూయించేద్దాం. అతణ్ని గోదాముకి పంపను. వయసు చూసి క్షమించి వదిలేశామని ఒక ముక్క రాస్తాను. మీ నివేదిక జోలికి పోవద్దు. అది పైదాకా వెళ్లిపోయింది."

"క్షమించామని రాస్తే తప్పు చేశాడని రాసినట్టే కదా సార్! సర్వీసు పుస్తకంలో అదే ఉండిపోతుంది."

"మూడేళ్లలో రిటైరయ్యేవాడికి పుస్తకం ఎవరు చూస్తారమ్మా?"

"ఆయన చూస్తాడు."

"మీ పేరు శిక్షణ కేంద్రానికి వెళ్లింది. మీ నివేదిక తప్పని మీరే రాసుకుంటే, ఈవిడ పిల్లలకేం నేర్పుతుందని అడుగుతారు. ఆలోచించుకోండి."

ఆమె తన గదికి వచ్చి కూర్చుంది. మీటరు ముల్లు ఎవరి ఫోనుకో వణుకుతోంది. ఆ ఉద్యోగం కావాలని ఆమెకు ఎంత ఉందో ఆమెకే తెలుసు. నల్లబల్ల ముందు నిలబడడం, ముందు వరుసలో ఎవరో తల గోక్కోవడం, 'హేతువు చెప్పు నాయనా' అని తాను అనడం, అన్నీ ఊహించి పెట్టుకుంది. ఇంటికి వెళ్లి తండ్రిని అడుగుదామా అనుకుంది. అడిగితే ఆయనేమంటారో తెలుసు గనుక, అడగడం దండగనుకుంది. కాగితం తీసి, మార్జిను మడిచి రాసింది:

"సూచిక: నేను సమర్పించిన గత నివేదిక. పై నివేదిక తప్పని విన్నవించుకొనుచున్నాను. హేతువు: పిల్లరు తలుపు తెరచుట లోపమునకు కారణము కాదు, లోపము కలిగిన పిమ్మట జరిగిన చికిత్స. ఉదాహరణ: జ్వరము వచ్చిన యింటికి వైద్యుడు వచ్చును, వైద్యుడు వచ్చుటచే జ్వరము రాదు. ప్రస్తుతమునందు లైన్‌మన్ తలుపు తెరచి ఆరబెట్టుట అట్టిదే. కావున నా గత నివేదిక రద్దు చేయదగినది. మరియు, పెట్టెకు చెమట పట్టుచున్నదని సదరు లైన్‌మన్ మొదటి బుధవారమునాడే టెస్ట్‌డెస్కునకు తెలిపియున్నాడు. ఆ మాటను నేను వ్రాసికొనలేదు. అతని వివరణలో హేళన లేదు. అది కన్నులార చూచినవాని వాక్యము. దీనిని కూడ అన్ని ఎక్స్ఛేంజీలకు పంపవలసినదిగా ప్రార్థన."

చివరి వాక్యం చదివి ఇంజనీరుగారు తలెత్తారు. "ఇది కూడానా?"

"అది వెళ్లిన చోటికల్లా ఇది వెళ్లాలి కదా సార్."

ఆయన నిట్టూర్చి సంతకం పెట్టారు. ఉత్తర్వు రద్దయింది. సర్వీసు పుస్తకంలో పాత నమోదు ఎర్రసిరాతో కొట్టివేసి, 'ఆధారము లేనిది' అని పక్కన రాశారు. శిక్షణ కేంద్రం పోస్టుకు మరొకరు వెళ్లారు. పక్క ఎక్స్ఛేంజీవారు కొన్నాళ్లపాటు ఫోనుచేసి, "హేతువమ్మగారూ, మూడో నివేదిక ఎప్పుడండీ?" అని ఎకసెక్కాలాడారు. "హేతువు దొరకగానే" అని ఆమె ఫోను పెట్టేసేది. ఇంట్లో మాత్రం ఆ వారమంతా కూరలో ఉప్పు ఎక్కువైంది. టైంకీపరు ప్రత్యక్షమని తెలిసీ నోరు మెదపలేదు. తండ్రి రెండో నివేదిక కూడా చదివారు. పెన్సిలు చేతిలోనే ఉంచుకుని, ఎక్కడా గీత గీయకుండా కాగితం తిరిగి ఇచ్చేశారు.

రద్దు ఉత్తర్వు అందిన రోజున నిచ్చెన బాబాయి టెస్ట్‌డెస్కు గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు. ఆమె లేచి నిలబడింది.

"బాబాయ్, నేను చేసింది..."

"అది సరేగాని తల్లీ, చెమట సంగతి నేను ముందే చెప్పానని కాగితంలో రాశావట?"

"రాశాను."

"ఏదీ, ఆ ముక్క చదువు."

ఆమె కార్బను ప్రతి తీసి చదివింది. ఆయన గుమ్మానికి ఆనుకుని, కళ్లు మూసుకుని విన్నాడు. "ఇంకోసారి" అన్నాడు. ఆమె ఇంకోసారి చదివింది. 'కన్నులార చూచినవాని వాక్యము' అన్నచోట ఆయన కళ్లు తెరిచాడు. తరవాత, "ఇంత మర్యాదగా మా ఆవిడ కూడా నా గురించి ఎప్పుడూ మాట్లాడలేదు" అని, సమాధానం కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఒకటో తేదీ వచ్చింది. ఆ ఉదయం హేతువమ్మ కొత్త రిజిస్టరు తెరిచి, స్కేలు పెట్టి ప్రతి పేజీలోనూ చివర ఒక నిలువు గడి పెన్సిలుతో గీసింది. నంబరు, సమయం, లోపం అనే అచ్చు శీర్షికల పక్కన తన చేతిరాతతో 'లైన్‌మన్ చెప్పినది' అని రాసింది. అలాంటి గడి ఏ ఎక్స్ఛేంజీలోనూ లేదు. నియమావళిలో లేదని తనిఖీ అధికారి తరవాత రెండుసార్లు అభ్యంతరం రాశాడు. ఆమె రెండుసార్లూ హేతువు రాసి పంపింది. ఆ గది మూతపడేవరకూ, ఆమె తరవాత ఆ కుర్చీలో కూర్చున్నవారు కూడా, ఎందుకో తెలియకుండానే ఆ గడి గీస్తూ వచ్చారు.

పదకొండు గంటలకు బల్లమీద దీపం వెలిగింది. ఎక్కడో స్తంభంమీదనుంచి టెస్ట్‌ఫోను.

"టెస్ట్‌డెస్కా? నేను, నిచ్చెనని. నాలుగో వీధి మూలనుంచి. నంబరు రాసుకుంటావా?"

"నంబరు తరవాత బాబాయ్. ముందు అక్కడ ఏం కనబడుతోందో చెప్పండి."

 ముప్పై ఏళ్లలో ఆ ప్రశ్న ఆయనను ఎవరూ అడగలేదు. ఆయన సాక్షి బోనులో నిలబడ్డవాడిలా ఎంతో బాధ్యతగా, తీగ సాగిన సంగతి, పింగాణీ గుబ్బ పగులు, గోడమీద కాకి, కింద ఇద్దరు ఆడవాళ్ల కొట్లాట, ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. ఆమె ఒక్క మాటకూ అడ్డుపడకుండా రాసుకుంది. గడి చాలలేదు, మార్జినులోకి తిప్పి రాసింది.

"కాకి సంగతి కూడా రాశావా తల్లీ?"

"రాశాను."

"దాన్ని కొట్టెయ్. అది వేళాకోళానికి అన్నాను."

"కాకి ఉందా, లేదా?"

"ఉంది."

"అయితే ఉండనీండి" అంది హేతువమ్మ.